చెరువూ ట్యాంకూ: ఒక మాట తిరిగిన దారి

భూపాలపల్లి జిల్లా గణపురంలో కాకతీయ గణపతిదేవుడి పేరు మోస్తున్న చెరువుంది. ఊరివాళ్లకు అది గణపసముద్రం. నీటిపారుదల శాఖ కాగితాల్లో గణపసముద్రం ట్యాంక్. అదే ఊళ్లో మిద్దె మీద వెయ్యి లీటర్లు పట్టే నల్లటి ప్లాస్టిక్ డబ్బాదీ అదే పేరు. మోటారు సైకిల్‌కు పెట్రోలు పోయించేది ట్యాంకులోనే. మరుగుదొడ్డి వెనక పూడ్చిన గది సెప్టిక్ ట్యాంకు. టీవీలో సరిహద్దు వార్త వచ్చినప్పుడు ఇనుప పట్టీల మీద పాకుతూ, ముందుకు చాచిన ఫిరంగితో కనిపించే ఉక్కు బండి కూడా ట్యాంకే. వరి పండించే నీటికీ మనుషులను చంపే యంత్రానికీ ఒకే పేరు ఎట్లా కుదిరిందన్న ప్రశ్న వింతగా తోచవచ్చు. దాని వెంట నడిస్తే జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లి చెరువుల దగ్గరికే చేరతాం. ఈ మాటకు ఇంగ్లీషులో మొట్టమొదటి అర్థం చెరువే.

చాలామంది అనుకునేది దీనికి తలకిందులు. ట్యాంకు అంటే ముందు ఇనుప తొట్టి అనీ, తెల్లదొరలు మన చెరువులను చూసి ఆ తొట్టి పేరు వీటికి తగిలించారనీ అనుకుంటాం. నిఘంటువులు చెప్పే వరుస వేరు. 17వ శతాబ్దం మొదట్లో, ఇంగ్లీషు వర్తకులు సూరత్ రేవులో కాలూనుతున్న రోజుల్లో, ఈ మాట వాళ్ల రాతల్లోకి ఎక్కింది. భారతదేశంలో తాగడానికో పొలం తడపడానికో నీరు నిలిపే కొలను అన్న అర్థంలోనే ఎక్కింది. ద్రవాలు నిలవ చేసే పెద్ద పాత్ర అన్న అర్థం ఆ శతాబ్దం చివరి భాగంలో వచ్చి చేరింది. మిగిలినవన్నీ ఆ తర్వాతి పుట్టుకలే.

మరి ఆ వర్తకులకు మాట ఎవరి నోట దొరికింది? దీని మీద రెండు వాదాలున్నాయి, రెండూ బలమైనవే. గుజరాతీలో టాంకీ, టాంకు అన్న మాటలున్నాయి. మరాఠీలో టాకే ఉంది. రాజస్థాన్ ఎడారిలో వాన నీటిని పట్టి దాచే నేల కింది తొట్టిని నేటికీ టాంకా అంటారు. అహ్మదాబాద్ పాత పేటల ఇళ్లలో వాకిలి కింద ఇట్లాంటి నీటి గదులున్నాయి. పోరుబందరులో గాంధీ పుట్టిన ఇంటి కిందా ఉంది. సూరత్‌లో దిగినవాడు మొదట వినేది ఈ మాటే కాబట్టి ఇంగ్లీషు ట్యాంకు గుజరాతు బిడ్డ అన్నది మొదటి వాదం. దీన్ని ఇంకా వెనక్కి తీసుకెళ్లి సంస్కృత తడాగంతో ముడిపెట్టినవారూ ఉన్నారు. మన తటాకం ఆ కుటుంబపు మాటే.

రెండో వాదం పోర్చుగీసు వైపు చూపిస్తుంది. వాళ్ల భాషలో తాంక్ అంటే నీటి కొలను. దానికి ఎస్తాంకార్ అన్న క్రియ ఉంది, పారే దాన్ని ఆపడం అని అర్థం. స్పానిషువాళ్ల ఎస్తాంకె, ఫ్రెంచివాళ్ల ఎతాంగ్, లాటిన్ స్తాగ్నుం అన్నీ నిలిచిన నీటి పేర్లే. వాస్కో డ గామా 1498లో కోళికోడు చేరినప్పటి ప్రయాణ వృత్తాంతంలో, అక్కడి గుడి దగ్గర చెక్కిన రాతితో కట్టిన పెద్ద కొలనును చూశామని రాస్తూ పోర్చుగీసు రచయిత ఈ మాటే వాడాడు. అప్పుడప్పుడే ఒడ్డున దిగినవాడు గుజరాతీ మాట నేర్చి ఉంటాడా? వెంట తెచ్చుకున్న మాటే కావాలి గదా అన్నది వీళ్ల తర్కం. హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ కలిసి 1886లో వెలువరించిన 'హాబ్సన్-జాబ్సన్' కోశం ఈ చిక్కు మీద ఆగి చర్చ చేసింది. ఆంగ్లో-ఇండియన్ పదాల మీద అంతటి శ్రద్ధతో వచ్చిన పుస్తకం మరొకటి లేదు.

నా మటుకు నాకు ఒక వాదం గెలిచి మరొకటి ఓడవలసిన అవసరం కనిపించదు. రెండు తీరాల్లో విడివిడిగా పుట్టిన, వినడానికి దగ్గరగా ఉన్న రెండు మాటలు పశ్చిమ తీరపు రేవుల్లో కలిశాయి. పోర్చుగీసువాడు తాంక్ అంటే గుజరాతు వర్తకుడికి అర్థమైంది, అతడు టాంకీ అంటే ఇతడికి అర్థమైంది. ఇంగ్లీషువాడు వచ్చేసరికి ఆ మాట రేవులో చెలామణిలో ఉంది. శబ్దం ఎవరిదైనా అర్థం మాత్రం ఈ నేలది. ఇంగ్లండులో మనుషులు కట్ట పోసి వాన నీటిని నిలిపి ఊరంతటికీ వరి పండించే పద్ధతి లేదు. లేనిదానికి పేరు ఉండదు.

ఇక్కడ ఒక పోలిక నన్ను ఆపేస్తుంది. మన పాత రాతలో చెరువు అంటే చెఱువు, బండి ఱతో. చెఱ అంటే బంధించడం, నిర్బంధం. మలయాళంలో చిఱ అంటే అడ్డుకట్ట, కొలను. తమిళంలో చిఱై అంటే చెరసాలా అవుతుంది, నీటికి వేసిన అడ్డూ అవుతుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే చెరువును మన పూర్వులు ఎట్లా చూశారో తెలుస్తుంది. పారిపోయే నీటిని పట్టి ఆపినది చెరువు. పోర్చుగీసు క్రియలో ఉన్నదీ సరిగ్గా అదే భావం. ఎక్కడా సంబంధం లేని రెండు భాషలు నీటి కట్టను చూసి ఒకే తీరుగా ఆలోచించాయి.

కంపెనీ దొరలు లేక్ అనకుండా ట్యాంక్ అని ఎందుకు పట్టుబట్టారన్నదానికీ జవాబు ఇందులోనే దొరుకుతుంది. వాళ్లకు లేక్ అంటే ప్రకృతి ఇచ్చినది. పాండ్ అంటే ఊరి చివర చిన్న మడుగు. మనిషి కట్టినది, పెద్దది, లెక్కకూ శిస్తుకూ దొరికేది కావాలంటే వేరే మాట కావాలి. ట్యాంక్ ఆ పని చేసింది. సి.పి. బ్రౌన్ నిఘంటువులో చెరువుకు ఎదురుగా ఉన్న ఇంగ్లీషు మాట ఇదే. అయితే ఒక నష్టం కూడా అప్పుడే మొదలైంది. చెరువు, కుంట, గుడి ముందరి కోనేరు, కొండ మీది గుండం, అన్నిటికీ దొరల రాతల్లో ఒకే మాట. చెరువు కిందికి ఆయకట్టు ఉంటుంది, కోనేటికి ఉండదు. కుంట ఎండాకాలానికి ఎండిపోవచ్చు, గుండం ఊటతో నిలుస్తుంది. ఇంత తేడాను ఒక్క పదం మింగేసింది.

మాటలు ఒక వైపే ప్రయాణించలేదు. ఆయకట్టు మన మాట, ఇంజినీర్ల ఇంగ్లీషు నివేదికల్లో నేటికీ అట్లాగే ఉంది. కట్టకు ఇంగ్లీషులో వాడే బండ్ కూడా ఫార్సీ బంద్ నుంచి హిందుస్థానీ మీదుగా వెళ్లినదే. అంటే హైదరాబాద్‌లో హుసేన్‌సాగర్ కట్టను ట్యాంక్‌బండ్ అన్నప్పుడు మనం పలికే రెండు ముక్కలూ తూర్పు నుంచి ఇంగ్లీషులోకి పోయి ఇంగ్లీషు వేషంలో తిరిగి వచ్చినవే. ఈ పదిపన్నెండేళ్లలో జిల్లా కేంద్రాల్లో, నియోజకవర్గ కేంద్రాల్లో చెరువు కట్టల మీద నడకదారులు, దీపాలు, బల్లలు వేసి వాటికి మినీ ట్యాంక్‌బండ్ అని పేరు పెట్టారు. చెరువు కట్ట అన్న మాట ఉండగానే ఈ పేరు వచ్చింది. దీని మీద నా ఆక్షేపణ చివర చెబుతాను.

ముందు చెరువుల సంగతి. ఈ మూడు జిల్లాలను కలిపి చూడటంలో అర్థముంది. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేరు జిల్లాలయ్యాయి. రామప్ప చెరువు 2019 ఫిబ్రవరి 17 దాకా భూపాలపల్లి జిల్లాలో ఉండి, ములుగు జిల్లా ఏర్పడ్డాక అటు పోయింది. సరిహద్దు గీతలు మారినా కట్టించిన కాలం ఒకటే. 1199 నుంచి 1262 దాకా ఏలిన గణపతిదేవుడి కాలం తెలంగాణ చెరువులకు గొప్ప కాలం. రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో రామప్ప గుడి నిలిపాడు. ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, లోకమంతా దాని శిల్పాన్ని పొగిడింది. పక్కనే గుట్టల నడుమ కట్ట పోసి నిలిపిన చెరువు ఇవ్వాళ్టికీ పొలాలకు నీళ్లిస్తోంది. గుడికి దక్కిన గౌరవంలో సగమైనా ఆ కట్టకు దక్కలేదని నా బాధ. గుడి, చెరువు, ఊరు మూడూ కలిపి ఆలోచించినవాళ్లు కాకతీయులు. గణపురంలో కూడా కోటగుళ్లు అనే గుళ్ల సముదాయానికీ గణపసముద్రానికీ ఎడం లేదు.

మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు ఇంకా విలువైనది. దాన్ని కట్టించింది ఒక స్త్రీ, గణపతిదేవుడి చెల్లెలు మైలమ. చెరువుకు ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టింది. ఆ సందర్భంగా వేయించిన శాసనంలో తన పుట్టింటి వంశవృక్షం చెక్కించింది. కాకతీయుల మొదటి తరాల పేర్లు చరిత్రకారులకు తెలియడంలో ఆ చెరువు శాసనానిది పెద్ద పాత్ర. ఒక రాజవంశపు మూలం కోటలో కాక చెరువు గట్టున దొరకడం ఆ కాలపు విలువలను చెబుతుంది. ఇవ్వాళ బయ్యారం పేరు వింటే ఉక్కు కర్మాగారం మాటే గుర్తొస్తుంది. మైలమను తలచేవారు తక్కువ.

వీటి పేర్లలో సముద్రం ఉండటం ఊరికే కాదు. గణపసముద్రం, ధర్మకీర్తి సముద్రం. మానుకోట పక్కన కేసముద్రం ఊరి పేరులోనూ అదే తోక. కడలికి వందల మైళ్ల దూరాన మెరక నేల మీద ఉన్నవాళ్లు తమ చేతులతో కట్టుకున్న నీటికి పెట్టుకున్న పేరది. కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం అని ఏడింటిని సప్తసంతానాలుగా లెక్కించిన సమాజం చెరువును బిడ్డతో సమానంగా చూసింది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, రాకూడని దోషాలనూ అది లెక్కపెట్టి చెబుతుంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని ఖర్చు లెక్క కూడా రాసింది. అది ఒక పాత్రను గురించిన వర్ణన కాదు. దాతనూ, నీటిశాస్త్రం తెలిసినవాణ్నీ, నేలనూ, ఏటినీ, గుట్టలనూ, కట్టనూ, కట్టపనివాళ్లనూ అన్నిటినీ కలిపి చెరువు అంది.

ఇంగ్లీషు మాట ఈ మధ్యలో వేరే దారి పట్టింది. చుట్టూ గోడలు, పైన మూత, కింద గొట్టం ఉన్న ఏ తొట్టి అయినా ట్యాంకు కావడం మొదలైంది. యంత్రాల యుగం దీనికి తోడ్పడింది. ఆవిరి ఇంజనుకు నీళ్లు కావాలి కాబట్టి రైలు స్టేషనులో ఎత్తు మీద ట్యాంకు వెలిసింది. డోర్నకల్ జంక్షను మీదుగా ఆవిరి బండ్లు నడిచిన రోజుల్లో పుట్టినవారికి ఆ దృశ్యం తెలుసు. 20వ శతాబ్దం మొదట్లో మోటారు వాహనం వచ్చి ఇంధనపు ట్యాంకును తెచ్చింది. డొనాల్డ్ కామెరాన్ అనే ఇంజినీరు 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో మురుగును కుళ్లబెట్టి శుద్ధి చేసే తొట్టికి సెప్టిక్ ట్యాంక్ అని పేరు పెట్టాడు. ఆ మాట నేడు తండాలో కూడా తెలుసు. మిద్దెల మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు 1970లలో వ్యాపించడం మొదలై, సింటెక్స్ అన్న కంపెనీ పేరు కొన్నాళ్లు వస్తువు పేరైపోయింది. ఆ కంపెనీ ఊరు గుజరాతులోని కలోల్. టాంకీ అన్న మాట పుట్టిన సీమ నుంచే ప్లాస్టిక్ టాంకీ మన మిద్దె ఎక్కింది.

యుద్ధపు ట్యాంకు కథ వేరు. అది అర్థం సాగి సాగి వచ్చినది కాదు, శత్రువు కళ్లు కప్పడానికి పెట్టిన దొంగ పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముళ్లతీగెలనూ మరతుపాకులనూ దాటి కందకాలు తొక్కే బండి కావాలని బ్రిటిష్ నౌకాదళ శాఖలో 1915 ఫిబ్రవరిలో ఒక సంఘం ఏర్పడింది. దాని వెనక విన్‌స్టన్ చర్చిల్ పట్టుదల ఉంది. ఆ బండికి వాళ్లు మొదట అనుకున్న పేరు నేల మీది ఓడ. లింకన్ పట్టణంలో విలియం ఫాస్టర్ కంపెనీ దాన్ని తయారు చేస్తోంది. పేరు బయటికి పొక్కితే గుట్టు రట్టవుతుంది. ఇనుప రేకులతో ఇంత పెద్ద పెట్టె ఎందుకని కూలీలు అడిగితే చెప్పడానికి ఏదో ఒక సంజాయిషీ కావాలి. మెసపొటేమియా ఎడారిలో సైన్యానికి నీళ్లు మోసే బండ్లని ప్రచారం పెట్టారు. ఎర్నెస్ట్ స్వింటన్ అనే అధికారీ ఆయన తోటివారూ సిస్టర్న్, రిజర్వాయర్ అన్న మాటలు కూడా చూసి, పొట్టిగా ఉందని ట్యాంకును ఎంచుకున్నారు. 1915 డిసెంబరు 24 నాటి ఒక అధికార పత్రంలో ఆ బండ్ల సరఫరా సంఘానికి గోప్యత కోసం ఈ పేరు పెట్టాలన్న సిఫారసు కనిపిస్తుంది. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ యుద్ధరంగంలో అవి మొదటిసారి కదిలాయి. గుట్టు బయటపడింది కాని పేరు పోలేదు. వేసవిలో దాహం తీర్చడానికి ఈ దేశంలో కట్టుకున్న నీటి పేరు ఆ విధంగా ప్రపంచమంతటా ఆయుధం పేరైంది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానంలోకి యూనియన్ సైన్యం వచ్చినప్పుడు షోలాపూర్ దారిలో ముందు నడిచినవి ఇవే. తెలంగాణ పల్లెల్లో ట్యాంకు అన్న మాట ఈ అర్థంలో వ్యాపించింది ఆ తరంతోనే అనుకుంటాను.

అమెరికా పెంచిన అర్థాలను త్వరగా దాటవచ్చు. అక్కడ ఈత కొలనును ట్యాంకు అన్నారు, ఈత దుస్తు నుంచి చేతులు లేని బనీనుకు ట్యాంక్ టాప్ పేరు వచ్చింది. మనిషి తలకాయకు వాడుక మాటగా ఉన్న థింక్ ట్యాంక్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మేధావుల సంస్థకు పేరైంది. కావాలని ఓడిపోవడాన్నీ, ధరలు కుప్పకూలడాన్నీ కూడా ఈ మాటతోనే చెబుతారు. ఇవి మన నోట పెద్దగా పట్టలేదు, పట్టనక్కర కూడా లేదు.

మన నోట పట్టింది మరో రూపం. ఆంధ్ర ప్రాంతంలో ట్యాంకు అంటే తెలంగాణలో ఎక్కువగా వినపడేది ట్యాంకి, టాంకీ. ఈ చివరి ఇకారం ఇంగ్లీషుది కాదు. ఉర్దూ, హిందీ మీదుగా వచ్చినది. అంటే తెలంగాణకు ఈ మాట రెండు తలుపుల గుండా వచ్చింది: దఫ్తరు నుంచి ఇంగ్లీషు ట్యాంకు, బజారు నుంచి దక్కనీ టాంకీ. పొలం కాగితంలో మొదటిది, వాకిట్లో రెండోది. ఊరికి ఎత్తుగా నిలబడేది కాబట్టి టాంకీ నిరసనకు వేదిక కూడా అయింది. పింఛను రాలేదనో, భూమి గొడవ తెగలేదనో నీళ్ల ట్యాంకి ఎక్కిన మనిషి వార్త మన పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. 1975లో వచ్చిన 'షోలే' సినిమాలో ధర్మేంద్ర ఎక్కినప్పుడు నవ్వినవాళ్లం, ఊరి ట్యాంకి ఎక్కినవాడి దగ్గరికి మాత్రం అధికారులు పరుగెత్తుకు రావలసి వస్తుంది. కింద ఎవరూ వినని మాట పైనుంచి వినిపిస్తుందని అతడికి తెలుసు.

2016 ఆగస్టు 7న గజ్వేల్ నియోజకవర్గంలో మొదలైన మిషన్ భగీరథతో ఊరూరా కొత్త ట్యాంకులు లేచాయి. అంతకు ముందు ఏడాది మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులు, కుంటల పూడిక తీసే లక్ష్యంతో వచ్చింది. రెండు పథకాలనూ పక్కపక్కన చూస్తే మాట ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది. ఒకటి పాత అర్థంలో ట్యాంకులను బాగుచేసింది, మరొకటి కొత్త అర్థంలో ట్యాంకులను కట్టింది. తాగునీరు ఇంటికి రావడం ఆడవాళ్ల నెత్తి మీది బిందె బరువు దించింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. పూడిక మట్టి పొలాల్లో పడి నేల బాగుపడిన ఊళ్లూ ఉన్నాయి.

అసలు నేను చెప్పదలచింది ఇక్కడి నుంచి. ఒక మాటకు రెండు అర్థాలున్నప్పుడు బలమైన అర్థం బలహీనమైన దాన్ని తన వైపు లాగుతుంది. ఇవ్వాళ ట్యాంకు అనగానే మనసుకు తట్టేది డబ్బా. దఫ్తరులో చెరువును ట్యాంక్ అని రాసీ రాసీ చెరువును కూడా డబ్బాగా చూసే అలవాటు పట్టుకుంది. డబ్బాకు గోడలుంటాయి, ఎన్ని నీళ్లు పడతాయో అంకె ఉంటుంది, నీళ్లు ఎక్కడినుంచో పోయాలి, నిండితే మోటారు కట్టాలి. చెరువుకు గోడలు లేవు. ఒక పక్క కట్ట ఉంటుంది, మూడు పక్కలా నేల వాలు ఉంటుంది. ఆ వాలు మీద కురిసిన వాన ఒర్రెల్లో, వాగుల్లో దిగి వస్తుంది. నిండితే మత్తడి దూకి కింది చెరువుకు పోతుంది. మాటు, కత్వ, తూము, మత్తడి, శిఖం, ఆయకట్టు అన్నీ కలిస్తే చెరువు. వానాకాలపు ఆబీకి ఎన్ని ఎకరాలు, వేసంగి తాబీకి ఎన్ని ఎకరాలు అని తేల్చి, తూము ఎత్తి దించే నీరటికాడు కలిస్తే చెరువు. ఈ మాటల్లో దేనికీ డబ్బాలో చోటు లేదు.

జనగామను చూడండి. ఎత్తైన మెట్ట నేల, బావుల మీద, బోర్ల మీద బతికిన సీమ. దేవాదుల ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని ఏటూరునాగారం వైపు నుంచి గొట్టాల్లో ఎక్కించి ఇక్కడి జలాశయాలకూ చెరువులకూ తెస్తోంది. ఎండిన చెరువులో గోదారి నీళ్లు చూసిన రైతు సంతోషం నిజమైనది. కాని గొట్టం మీద నమ్మకం పెరిగినకొద్దీ పై నుంచి వచ్చే ఒర్రె ఎవరికీ పట్టదు. ఒర్రెను చదును చేసి ప్లాట్లు వేస్తారు, రోడ్డు పోసి కల్వర్టు చిన్నది పెడతారు. పంపు నడిచినన్నాళ్లు చెరువు నిండుతుంది, కాబట్టి తప్పు కనపడదు. కరెంటు ఖర్చు పెరిగిన ఏడు, పంపు ఆగిన ఏడు ఆ ఊరికి వాన దారి మిగలదు. భూపాలపల్లి జిల్లా మేడిగడ్డ దగ్గర 2023 అక్టోబరులో బరాజు పియర్లు కుంగినప్పుడు రాష్ట్రమంతా చూసింది: ఒక్క కట్టడం మీద ఆధారపడిన నీటి ఏర్పాటు ఎంత పెళుసుగా ఉంటుందో. కాకతీయులు ఒకే పెద్ద కట్టడం పెట్టుకోలేదు. వేల చిన్న కట్టలను ఒకదాని కింద ఒకటి కలిపారు.

నిండినప్పటి ప్రమాదం ఇంకా పెద్దది. 2024 ఆగస్టు 31 రాత్రీ సెప్టెంబరు 1 ఉదయమూ మానుకోట ప్రాంతంలో కుండపోతగా కురిసింది. చెరువులు తెగాయి. కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల నడుమ పట్టాల కింది కంకరా మట్టీ కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఢిల్లీ, చెన్నై మధ్య నడిచే బండ్లు ఆగిపోయాయి. అంతటి వాన ఏ కట్టనైనా పరీక్షిస్తుంది, నిజమే. అయితే మత్తడి దారి తెరిచి ఉన్న చెరువుకూ, మత్తడి కాలువలో ఇళ్లు లేచిన చెరువుకూ అదే వాన రెండు వేర్వేరు ఫలితాలిస్తుంది. డబ్బాకు కావలసింది మూత, చెరువుకు కావలసింది దారి.

చట్టంలోనూ ఈ మాట కూర్చుంది. చెరువు చుట్టూ పాతిన హద్దురాళ్ల మీద ఎఫ్.టి.ఎల్. అని ఉంటుంది, ఫుల్ ట్యాంక్ లెవెల్. నీరు మత్తడి అంచును తాకినప్పుడు ఎంత మేర పరుచుకుంటుందో ఆ గీత. హైదరాబాద్‌లో చెరువు హద్దుల్లోని ఇళ్ల కూల్చివేతలు మొదలైన 2024 నుంచి ఈ మూడు అక్షరాల చుట్టూ ఎన్ని ఇళ్ల తలరాతలు తిరిగాయో చూశాం. గీత లోపలి భూమి శిఖం. కొన్ని చోట్ల అందులో పట్టాలున్నాయి, నీరు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కులున్నాయి. పేదవాడి గుడిసె ఉంది, పెద్దవాడి వెంచరూ ఉంది. ఈ గీత అర్థం తెలిసినవాడు ముందే జాగ్రత్త పడ్డాడు, తెలియనివాడు జీవితకాలపు సంపాదనతో ప్లాటు కొన్నాడు. ఎఫ్.టి.ఎల్. బదులు నిండు చెరువు హద్దు అని తెలుగులో రాసి ఉంటే కొనే ముందు ఎంతమంది ఆగేవారో ఆలోచించండి. భాష ఇక్కడ అలంకారం కాదు, ఆస్తిని కాపాడే సాధనం.

మినీ ట్యాంక్‌బండ్ మీద నా ఆక్షేపణ కూడా ఇదే. జనగామ ఊళ్లో ఉన్నది బతుకమ్మకుంట. ఆ పేరు వింటే నీళ్లు, పూలు, ఆడవాళ్ల పాట, పండుగ తేదీ అన్నీ తెలుస్తాయి. మినీ ట్యాంక్‌బండ్ అంటే అవేవీ తట్టవు. కట్టను నడకకూ ఫొటోకూ పనికొచ్చే దారిగా మాత్రమే చూస్తే తూము మూసుకుపోయిందా, మత్తడికి అడ్డం ఏమొచ్చింది అని అడిగేవారు ఉండరు. దీపాలు పెట్టడం తప్పు కాదు. తూముకు తలుపు లేకుండా కట్టకు రంగులు వేయడం తప్పు.

ట్యాంకు అన్న మాటను తరిమేయమని నేను అనను. మిద్దె మీది డబ్బాకూ, బండిలోని పెట్రోలు తొట్టికీ, యుద్ధపు బండికీ అదే పేరు ఉండనివ్వండి, అవి వాళ్ల అర్థాలు. చెరువును మాత్రం చెరువు అనే రాయాలి: పహాణీలో, నీటిపారుదల శాఖ పటాల్లో, హద్దురాయి మీద, బడి పుస్తకంలో. కుంటను కుంట అనీ, కోనేటిని కోనేరు అనీ వేరుచేసి రాయాలి. మూడు జిల్లాల యంత్రాంగాలూ తలచుకుంటే ఇది పెద్ద ఖర్చు లేని పని.

రెండో పని పాఠకులది. మీ ఊళ్లో నీరటి పని చేసిన కుటుంబం, ఆయకట్టు చివర పొలం ఉన్న రైతు, చెరువులో వల వేసే ముదిరాజులు, బెస్తలు ఇంకా ఉంటే ఈ వేసవిలోనే వాళ్ల దగ్గర కూర్చోండి. మీ చెరువుకు నీళ్లు ఏ ఒర్రె నుంచి వస్తాయి, మత్తడి దూకితే ఏ చెరువుకు పోతాయి, ఎన్ని తూములు, వాటి పేర్లేమిటి, శిఖం ఎక్కడిదాకా అన్నది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఆ కాగితాన్ని గ్రామసభలో చదివించి పంచాయతీ రికార్డులో చేర్పించండి.